నాకంటే ముందే వచ్చి వెళ్ళినవాడు

దయ్యాల కథలు మొదలైతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇరవై రెండేళ్ళుగా షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం నాది. రికార్డు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అది చెప్పాలంటే ముందు నా ఈర్ష్య సంగతి చెప్పాలి. నిజానికి నాకు కష్టమైన భాగం అదే.

నాకు అమెరికన్ సైన్యం మెడల్స్ సేకరించే అలవాటుంది. చాలా ఏళ్ళ కిందట ఒక పాత సామాన్ల సంతలో మెడల్ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే, వెనక ఒక మనిషి పేరు చెక్కి ఉంది. ఆ మనిషి ఎవరో, ఏమయ్యాడో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అప్పటినుంచి ఇదే పని. మెడల్ కొనడం, వెనకున్న పేరు పట్టుకుని పాత పేపర్లు, సైన్యం ఫైళ్ళు, శ్మశానాలు వెతకడం.

ఈ పిచ్చిని మా కుటుంబ స్నేహితులైన డాక్టర్ గారికి అంటించింది నేనే. ఆయనది గుంటూరు వైపు. ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏ మెడల్ అసలుదో, ఏది నకిలీదో, ఏ ఫైలు కోసం ఎక్కడికి రాయాలో అన్నీ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన ముగ్గురు సైనికుల కుటుంబాలను వెతికి పట్టుకుని మెడల్స్ వాళ్ళకి అప్పగించారు. లోకల్ పేపర్‌లో ఫోటో పడింది. ఉగాది ఫంక్షన్‌లో శాలువా కప్పారు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

"ఇదంతా మా వేణు నేర్పిందేనండీ" అని ఆయన మైకులో కూడా అన్నారు. అది నాకు ఇంకా మంటెక్కించింది. అన్నేళ్ళలో నేను ఒక్క కుటుంబాన్ని కూడా వెతికి పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే, దొరికితే మెడల్ ఇచ్చేయాల్సి వస్తుందని సగంలో ఆపేసేవాణ్ణి.

పోయిన వసంతంలో, మా ఊరికి మూడు గంటల దూరంలో ఒక పాత సామాన్ల షాపులో, గుండీల డబ్బా అడుగున నాకొక పర్పుల్ హార్ట్ దొరికింది. యుద్ధంలో గాయపడినవాళ్ళకి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఇచ్చే మెడల్ అది. వెనక పేరుంది. పూర్తి పేరు రాయను, లెస్టర్ అంటాను.

ఆ వారం డాక్టర్ గారు, ఆయన భార్య సత్యవతి గారు మా ఇంటికి భోజనానికొచ్చారు. నా డెస్క్ మీదున్న మెడల్ ఆయన చూడనే చూశారు. తిప్పి పేరు పైకి చదివారు. "మంచిది పట్టావయ్యా వేణూ. ఈ కుర్రాడి తాలూకు వాళ్ళని వెతుకుతావా? ఏ సాయం కావాలన్నా నాకు చెప్పు" అన్నారు.

సాయం అనే మాట నాకు సాయంలా వినపడలేదు. ఇది కూడా తన్నుకుపోతారనిపించింది. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ ఎత్తడం మానేశాను. వాయిస్‌మెయిల్స్ వినకుండానే డిలీట్ చేశాను.

జూలైలో ఒక శనివారం, సైన్యం ఫైల్లో దొరికిన అడ్రసు పట్టుకుని లెస్టర్ సొంత ఊరికి డ్రైవ్ చేశాను. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చిన్న ఊరు. లైబ్రరీలో కౌంటర్ దగ్గరున్న పెద్దావిడకి లెస్టర్ పేరు చెప్పగానే ఆమె నవ్వింది. "అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మీ మిత్రుడు ఇప్పుడే చెప్పి వెళ్ళాడు" అంది.

పాత పేపర్లు చూసే మైక్రోఫిల్మ్ మెషిన్‌లో రీలు ఎక్కించి ఉంది. తెర మీద సరిగ్గా లెస్టర్ మరణవార్త ఉన్న పేజీ. ఇరవై రెండేళ్ళ వాడు, రైతు కొడుకు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో చనిపోయాడు. ఒక చెల్లెలు, చిన్నపిల్ల.

ఏ మిత్రుడని నేను అడగలేదు. నాకు తెలుసు కదా! చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. చదవాల్సింది ఫోటో తీసుకుని శ్మశానానికి వెళ్ళాను. అక్కడ గడ్డి కోసే మెషిన్ మీదున్న మనిషి దూరం నుంచే చెయ్యెత్తి ఒక వరస చూపించాడు. నేనింకా ఏమీ అడగలేదు. లెస్టర్ సమాధి రాయి అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. పక్కనున్న రాళ్ళన్నీ పొడిగా, నాచు పట్టి ఉన్నాయి. ఎండ మాడిపోతోంది. అంత ఎండలో రాయి మీద తడి ఎంతసేపుంటుంది? అంటే నాకంటే అయిదు నిమిషాల ముందు డాక్టర్ గారు ఇక్కడే ఉన్నారన్నమాట. పార్కింగ్‌లో ఆయన కారు కోసం చూశాను. లేదు.

రెండు వారాల తర్వాత ఒక బుధవారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, అదే ఊళ్ళోని చర్చికి వెళ్ళాను. ఆఫీసులో ఉన్నావిడ ముందు పాత పెళ్ళిళ్ళ రిజిస్టర్ తెరిచి ఉంది. పేజీలో కాగితం ముక్క గుర్తుగా పెట్టి ఉంది. "మీకోసమే తీసిపెట్టాను. ఆయన వచ్చి చెప్పారు" అంది. ఆ పేజీలో లెస్టర్ చెల్లెలి పెళ్ళి వివరాలు, ఆమె అత్తింటి పేరు.

ముందు వెళ్ళడం ఒక ఎత్తు. నాకోసం పేజీలు తెరిచిపెట్టి, చిన్నపిల్లాడికి దారి చూపించినట్టు చూపించడం ఇంకో ఎత్తు. ఇంటికి పోలేదు. తిన్నగా డాక్టర్ గారింటికి డ్రైవ్ చేశాను.

సత్యవతి గారు తలుపు తీశారు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికెళ్ళి, దారిలో మూడు గంటలు కూడబెట్టుకున్నదంతా అనేశాను. "మీకు శాలువాలు చాల్లేదా డాక్టర్ గారూ? నాకు దొరికిన ఒక్కదాని మీద కూడా మీ కన్నేనా? నా వెనక తిరగడం కాక, నా ముందు నడుస్తారా?"

ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నారు. కుడి మోకాలికి పెద్ద కట్టు. పక్కన వాకర్. అంతా అనేశాకగానీ అవేవీ నా కంటికి కనపడలేదు.

"నేనెక్కడికి పోతానయ్యా" అన్నారాయన నెమ్మదిగా. "మోకాలి ఆపరేషన్ చేయించుకుని అయిదు వారాలు. బాత్‌రూమ్‌కి పోవాలన్నా ఈవిడ పట్టుకోవాలి."

"ఆపరేషన్ ముందు రోజు మీకు మూడుసార్లు ఫోన్ చేశారు వేణు గారూ" అన్నారు సత్యవతి గారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. డాక్టర్ గారే అన్నారు, "మరి వచ్చిందెవరో కనుక్కోవాలి కదా. లైబ్రరీకి ఫోన్ చెయ్యి. స్పీకర్‌లో పెట్టు."

లైబ్రరీ ఆవిడ బాగా గుర్తుచేసుకుని చెప్పింది. తెల్లబ్బాయి, ఇరవై దాటి ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. చెవులు బయటికి ఉన్నాయి. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తన కోసం ఏమీ అడగలేదు. ఒక పెద్దమనిషి వస్తాడు, ఆయనకి ఈ రీలు పెట్టివ్వండి అన్నాడట. నా దగ్గర పనిచేసేవాడేమో అనుకుందట.

చర్చికి చేస్తే అక్కడి ఆవిడా దాదాపు అవే ఆనవాళ్ళు చెప్పింది. ఇంకొక్క మాట కలిపింది. "ఆయన కొంచెం కోపంగా ఉంటారు, ఏమీ అనుకోకండి అన్నాడు. నిజంగానే మీరు కోపంగా వచ్చారు."

నేను ఆ ఊరికి వెళ్తున్నట్టు నా భార్యకి కూడా చెప్పలేదు.

చెల్లెలి పేరు తెలిసింది కనుక ఆచూకీ తీయడం కష్టం కాలేదు. పేరు మార్జీ, తొంభై దాటిన మనిషి, పక్క ఊళ్ళో వృద్ధుల కేంద్రంలో ఉంది. "నేనూ వస్తా" అన్నారు డాక్టర్ గారు. సెప్టెంబర్‌లో, ఆయన కర్రతో నడవగలిగాక, ఇద్దరం ముందే అనుమతి తీసుకుని వెళ్ళాం.

మార్జీ చక్రాల కుర్చీలో కిటికీ పక్కన ఉంది. చూపు, వినికిడి రెండూ బాగానే ఉన్నాయి. మెడల్ ఆమె ఒళ్ళో పెట్టాను. వెనక్కి తిప్పి పేరుని వేలితో తడిమింది. ఎక్కడ దొరికిందని అడిగింది. గుండీల డబ్బాలో అన్నాను.

"తెలుసు. అందులో వేసింది నేనే" అంది.

వాళ్ళమ్మ బతికున్నంతకాలం ఆ మెడల్ దిండు కింద పెట్టుకునేదట. "రోజూ దాన్ని తీసి చూసేది. ఎదురుగా నేనుండేదాన్ని. నన్ను ఏనాడూ అలా చూడలేదు." అమ్మ పోయిన వారం, ఇంట్లో సామాన్లు అమ్మేటప్పుడు, ఎవరూ చూడకుండా గుండీల కింద దాచి పంపించేసిందట. మర్నాడే వెనక్కి తెచ్చుకుందామని వెళితే డబ్బా అప్పటికే అమ్ముడుపోయింది.

నేను లైబ్రరీ, శ్మశానం, చర్చి సంగతులు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆమె ముఖం మాడిపోయింది. నాకు బాగా తెలిసిన ముఖం అది. నా అద్దంలో చూసుకున్నదే.

"ఇన్నేళ్ళలో నాకు కలలో కూడా కనపడలేదు" అంది. "మీరెవరో వాడికి తెలియను కూడా తెలియదు. మీకోసం ఊరంతా తిరిగాడా?"

డాక్టర్ గారు కర్ర పక్కన పెట్టి, ముందుకు వంగి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, తిరిగింది ఇతని కోసం కాదు. ఇతన్ని ఎక్కడికి పంపించాడో చూడండి" అన్నారు ఇంగ్లీషులో.

ఆమె మెడల్‌ని రెండు చేతులతో మూసి పట్టుకుని ఏడ్చింది. చాలాసేపు. నాకు కూడా కళ్ళు తడిశాయి. కానీ ఒప్పుకోవాలి, ఆ మాట ఆయనకి తట్టి నాకు తట్టనందుకు, ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో చురుక్కుమంది.

వచ్చేముందు మార్జీ తన దగ్గరున్న లెస్టర్ ఫోటో చూపించింది. పొలం గట్టు మీద నిలబడిన సన్నటి కుర్రాడు. చెవులు బయటికే ఉన్నాయి. ఆ కాలంలో ఆ వయసు కుర్రాళ్ళు చాలామంది అలాగే ఉంటారని నాకూ తెలుసు. ఆమెనడిగి దానికో నకలు తీసుకున్నాను. ఎవరి ఫోటోనో రాయకుండా, ఈ మనిషిని గుర్తుపడతారా అని మాత్రం అడుగుతూ లైబ్రరీ ఆవిడకి పోస్ట్‌లో పంపించాను.

పది రోజులకు కవర్ తిరిగొచ్చింది. లోపల అదే ఫోటో, దానికి అంటించిన చిన్న పసుపు కాగితం. "ఇది అతనే అని ప్రమాణం చేయలేను. కానీ దీన్ని నా దగ్గర పెట్టుకోలేను. దయచేసి మళ్ళీ పంపకండి."

ఎవరో స్థానిక కుర్రాడు సరదాకి చేసి ఉండొచ్చని నా భార్య అంటుంది. అయి ఉండొచ్చు. కానీ నేను ఏ రోజు వస్తానో, ఎవరి కోసం వస్తానో, కోపంగా వస్తానో అతనికెలా తెలుసు? ఎన్ని రకాలుగా లెక్క వేసినా నాకు కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు.