ఎర్ర బొట్టు ఉన్నవాళ్లకే మొదటి పంక్తి

‘మీ వివరాలు వాడుకోమంటారా, వద్దంటారా’ అని జనాన్ని అడగడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా నోయిడా ఆఫీసులో కూర్చుని అదే అడుగుతున్నాను. కాఫీలో చక్కెర వేసేముందు కూడా అనుమతి తీసుకుంటానని మా ఆయన ఎగతాళి. అలాంటి నాకు ఢిల్లీ పక్కనున్న మా ఇందిరాపురం తెలుగువాళ్ల కార్తీక వనభోజనాలకు పేర్లు రాసుకునే పని అప్పజెప్పారు. ఇంక నన్ను పట్టేవాళ్లేరీ!

అంతకుముందు ఏడాది ఫారంలో గోత్రం, నక్షత్రం, పుట్టినతేదీ, సొంత ఇల్లా అద్దె ఇల్లా, అన్నీ అడిగారు. పులిహోర తినడానికి నా నక్షత్రం దేనికో ఆ దేవుడికే తెలియాలి. ఆ జాబితా ఎవరి చేతిలో పడిందో గానీ నెల తిరక్కుండా అందరికీ ఫ్లాట్లు అమ్మేవాళ్ల ఫోన్లు, పెళ్లిసంబంధాల ఫోన్లు. నాకు ఒళ్లు మండి ఈసారి అన్నీ కొట్టిపారేశాను. పేరు, ఫోను నంబరు, ఎంతమంది వస్తారు, ఫోటో తీయవచ్చా, అంతే. కింద ఒక వాక్యం చేర్చాను: ‘మీరు చెప్పినది ఇంకెవరికీ చెప్పం.’ అది రాసుకుని నాకు నేనే మురిసిపోయాను.

నూట నలభై మంది ఫోటోకి సరేనన్నారు. ఒక్కావిడ మాత్రం వద్దంది. ఫోన్ చేశాను.

“మేడం, నా ఫోటో యాడా పడగూడదు. పడిందంటే మళ్లా మీ యవురికీ కనపడను. కానీ నాలుగేండ్లయింది మేడం, మనోళ్ల పంక్తిలో కూర్చోని తిని.”

ఎందుకని నేను అడగలేదు. “పడదండీ, పూచీ నాది. మీరు రండి” అన్నాను.

పూచీ అయితే ఇచ్చాను గానీ ఫోటోలు తీసే భయ్యాకి ఆవిడని గుర్తుపట్టడం ఎలా? అక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఫోటో వద్దన్నవాళ్ల బ్యాడ్జీ మీద ఎర్ర స్టిక్కరు బొట్టు పెడతాం, బొట్టు ఉన్నవాళ్లని కెమెరాతోనే కాదు, ఫోన్లతో కూడా తీయకూడదని మా వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశాను. సోమబజారులో, అంటే సోమవారం సంతలో, పెద్ద బొట్లు ఇరవై అట్టలు కొన్నాను. కావలసింది ఒక్కటే బొట్టు.

ఆదివారం పొద్దున్న పార్కులో పొగమంచు, పొగ కలిసి కమ్ముకుని ఉన్నాయి. ఉసిరిచెట్టు లేదు కాబట్టి నర్సరీ నుంచి కుండీలో ఉసిరిమొక్క తెచ్చి నడిమధ్యన పెట్టాం. ఆవిడ వచ్చింది. నీలం చీర, చేతిలో ఉసిరికాయ పచ్చడి డబ్బా. వచ్చిన ఐదు నిమిషాలకే నా తెలివి బయటపడింది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు చూడండి, అదే! ఎవరికీ కనపడకుండా ఉండాలనుకున్న మనిషికి నేనే చేతులారా ఎర్రటి గుర్తు తగిలించాను. “మీకొక్కరికే పెట్టారేం ఆంటీ, ముఖ్య అతిథా?” అని ఒకరు. “ఉల్లిపాయ తినరేమో” అని ఇంకొకరు. గ్రూపు చదివినవాళ్లయితే “ఫోటో ఎందుకొద్దటండీ?” అని చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. ఇవన్నీ చాలవన్నట్టు భయ్యా మైకు అందుకుని “లాల్ బిందీవాలీ దీదీ, జరా హట్ జాయియే!” అన్నాడు, ఎర్ర బొట్టు అక్కని కాస్త పక్కకి తప్పుకోమని.

నూట నలభై తలలు ఒక్కసారి తిరిగాయి.

ఆవిడ పచ్చడి డబ్బా ఉసిరికుండీ పక్కన పెట్టి, సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగేళ్ల తర్వాత తినడానికొచ్చిన మనిషి తినకుండా వెళ్లిపోతోంది, అదీ నా మూలంగా. పరిగెత్తుకెళ్లి భయ్యా చేతిలో మైకు లాక్కున్నాను. ఏం చెప్పాలో అప్పటికి తెలీదు. పచ్చి అబద్ధం దానంతటదే వచ్చేసింది.

“అందరూ వినండి! ఎర్ర బొట్టు ఉన్నవాళ్లకే మొదటి పంక్తి! గుత్తి వంకాయ తక్కువుంది!”

ఇంక చూడాలి ఆ తోపులాట! ఢిల్లీ మెట్రోలో కూడా అంత రద్దీ చూడలేదు. అయినా ఉద్యోగధర్మం ఊరుకోదు కదా, ఒక్కొక్కరికీ బొట్టు అంటిస్తూ “ఇది పెట్టుకుంటే ఫోటో ఉండదు మరి, సరేనా?” అని అడిగాను. “ఫోటో ఏం చేసుకుంటామమ్మా, వంకాయ సంగతి చూడు!” అన్నారు. వంకాయ ఆశ చూపి సరేననిపించుకోవడం మా ఆఫీసులో అయితే ఉద్యోగం ఊడే తప్పు. నవ్వు ఆపుకోలేక బొట్లు వంకరగా అంటిస్తున్నాను.

చివరికి మా అధ్యక్షులవారు మిగిలారు. కేంద్రప్రభుత్వంలో పెద్ద ఆఫీసరు, ఏటా గ్రూపు ఫోటోలో నడిమధ్యన నిలబడే మనిషి. ఆ రోజూ అందుకోసమే కొత్త పట్టు లాల్చీ వేసుకొచ్చారు.

“ఏందమ్మా ఇది? వంకాయ రెండు గంజుల నిండ వండిపిచ్చిన. తక్కువెట్లయితది?”

దొరికిపోయాను. ఆయన గేటు దగ్గర ఆగిపోయి ఇటే చూస్తున్న నీలం చీరని చూశారు, తర్వాత నా చేతిలోని అట్టని చూశారు. ఒకసారి లాల్చీ సవరించుకున్నారు.

“సరే తియ్, నాకు గూడ పెట్టు. జర పెద్దది పెట్టు.”

ఆవిడ వెనక్కొచ్చింది. నూట నలభై ఒక్క బొట్లలో తన బొట్టు ఏదో ఎవరికీ పట్టలేదు. పంక్తిలో నా పక్కనే కూర్చుని వంకాయ మూడుసార్లు వడ్డించుకుంది. తర్వాత కోలాటంలో అధ్యక్షులవారి వేళ్ల మీద కర్రతో ఒక్కటిచ్చి, పడీపడీ నవ్వింది. భయ్యా పాపం ఉసిరికుండీని పద్దెనిమిది ఫోటోలు తీశాడు. ఆ ఏడాది మా గ్రూపు ఫోటో ఆ కుండీయే.

చేతులు కడుక్కునే పంపు దగ్గర, నేను అడక్కుండానే, ఫోటో ఎందుకు వద్దో ఆవిడ నాకు చెప్పింది. తడిచేతులతోనే ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. ఇంటికెళ్లాక మా ఆయన మూడుసార్లు అడిగాడు. మీరూ అడుగుతారని తెలుసు. కానీ ఆ ఫారం కింద వాక్యం రాసింది నేనే.