మొసలి మాస్టారి అయిదేళ్ళ గడువు

ఏసోబు మాస్టారికి డబ్బు పుచ్చుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడం తెలియదని మా ఊళ్ళో మగవాళ్ళందరి అభిప్రాయం. అందుకే ఆయనకు మొసలి మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడినా ఆయనకు కోపం వచ్చేది కాదు.

"మంచిదేగా! మొసలి నోట్లో పెట్టింది మేక తినదు," అనేవాడు.

పర్చూరు దగ్గర మా ఊరి మిషన్ బడికి ఆయన హెడ్మాస్టరు. నేను ఎనభై నాలుగులో ఆ బళ్ళో పంతులుగా చేరాను. చేరిన రోజున టీ కొట్లో ఆయనకు మర్యాదగా టీ ఇప్పించాను. కొట్టువాడు చిల్లర ఇచ్చాడు.

"ఆ చిల్లర ఏం చేస్తావయ్యా?"

"జేబులో వేసుకుంటానండి."

"నీ జేబుకు చిల్లు లేదు గానీ, చేతికుంది. ఇటివ్వు."

అలా నా మొదటి చిల్లర మొసలి నోట్లో పడింది. ఆ తర్వాత ప్రతి నెలా జీతం రోజున ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన ఆ డబ్బు తినేవాడని కాదు. ఎవరి డబ్బు వాళ్ళ పేరునే గుంటూరు ఆఫీసుకు వెళ్ళి యూనిట్లు కొనేవాడు. యూనిట్లంటే ఏమిటని అడిగితే మాత్రం అడిగినవాడికి బస్సు తప్పిపోయిందన్నమాటే.

"నువ్వు ఎకరంలో మిరప వేశావు. ధర పడిపోయింది. నువ్వూ పడిపోయావు. అదే పదిమందీ తలా కాస్త డబ్బు వేసుకుని మిరప, పత్తి, పొగాకు, వరి అన్నీ వేశారనుకో. ఒకటి పోతే ఇంకొకటి నిలబెడుతుంది. అక్కడ చేలకు బదులు కంపెనీలు. అంతే! ఒక్కసారే బస్తాడు పొయ్యక్కర్లేదు, నెలనెలా గుప్పెడు చాలు."

పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారం ఆయనే ప్రసంగించేవాడు. ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి గుంటూరులోనే తేలేవాడు. ఒకసారి ఫరో కల చెప్పాడు. ఏడు బలిసిన ఆవులు, ఏడు బక్క ఆవులు. "యోసేపు ఏం చేశాడు? పంటలు బాగున్నప్పుడే ఏటేటా కొంత తీసి పక్కన పెట్టించాడు. ఇప్పుడు మనం దాన్నేమంటాం?"

వెనక వరసలోంచి ప్రేమమ్మ లేచింది. "యూనిట్లు అంటామండి. అయితే మాస్టారండీ, ఐగుప్తులో కూడా ఆఫీసుందంటారా?"

గుడంతా నవ్వింది. మాస్టారు మాత్రం కాసేపు ఆలోచించి, "ఉండే ఉంటుంది," అన్నాడు.

ఆయనకు ఎక్కువగా డబ్బు కట్టేది మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళూ, పత్తి తీతకు వెళ్ళేవాళ్ళూను. శనివారం కూలి డబ్బు చేతిలో పడగానే రెండేసి, మూడేసి రూపాయలు ఆయన చేతిలో పెట్టి, ఇళ్ళకు పోయి మొగుళ్ళకు వినబడేలా తిట్టేవాళ్ళు. "పాడు మొసలి! వదల్డు గదా!" అని.

ఆ మొగుళ్ళు ఊరుకుంటారా? వారం తిరిగేసరికి ఎవడో ఒకడు బడి ముందు నిలబడేవాడు. అందరిలోకీ గట్టివాడు బండి తోలే ఆదాం. సారా పడిందంటే మరీ గట్టివాడు.

"ఏంది మాస్టారూ! మా రెబ్కా డబ్బులు నాకియ్యి."

"అయిదేళ్ళ దాకా రాదు."

"నా పెళ్ళాం డబ్బులు నాకు రాకపోవడమేంది? కనిగిరిలో నా బావమరిది గేదెనే కొనిచ్చాడు. నువ్వు మా డబ్బులే మాకియ్యవు!"

"గొప్పవాడు నీ బావమరిది. అయినా అయిదేళ్ళ దాకా రాదు."

"నేనొచ్చే నెల మళ్ళీ వస్తా!"

"రా. అప్పుడూ రాదు."

ఆదాం కోపంతో మాస్టారి కుర్చీ ఎత్తి బయట బురదలో పారేశాడు. మాస్టారు నిలబడే ఎక్కాలు చెప్పాడు. నేను రేడియో కొనుక్కుంటానని అడిగినప్పుడూ నాకు వచ్చిన జవాబు అదే. అయిదేళ్ళ దాకా రాదు.

ఎనభై ఏడులో తెల్లదోమ వచ్చి పత్తిని ఊడ్చిపెట్టింది. చేలల్లో పని లేదు, అప్పిచ్చే నాథుడు లేడు. సరిగ్గా అప్పుడే ఆదాం బండి గట్టు మీంచి తిరగబడి అతని కాలు విరిగింది. గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్ వెయ్యాలన్నారు. లేకపోతే నడక ఉండదన్నారు.

మాస్టారు రెబ్కా కాగితాలు నా చేతిలో పెట్టాడు. "నేను ఆసుపత్రిలో ఆదాం దగ్గర కూర్చుంటాను. నువ్వు ఈమెను ఆఫీసుకు తీసుకెళ్ళు," అన్నాడు.

అయిదేళ్ళు నిండలేదు కదా, ఎలా ఇస్తారు? దారి పొడుగునా మనసులో ఒక విన్నపం తయారు చేసుకున్నాను. గుమాస్తా ఎదుట నిలబడి అంతా ఒప్పజెప్పాను. పేదరాలు, పంట పోయింది, గడువు తీరని మాట నిజమే, దయచేసి మానవత్వంతో...

గుమాస్తా కళ్ళద్దాలు తీసి చూశాడు. "గడువేమిటండీ? ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు."

"ఇప్పుడు మార్చారా రూలు?"

"ఈవిడ కొన్నదానికి గడువు ఎప్పుడూ లేదండీ."

నేను రెబ్కా వైపు తిరిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. "మాకు తెలుసు సారూ. మాస్టారు మొదటి రోజే చెప్పాడు. కావాలన్నప్పుడు తెచ్చిస్తా, మీ మొగుళ్ళతో మాత్రం అయిదేళ్ళని చెప్పండి, తిట్లన్నీ నామీదికి తోలెయ్యండి అన్నాడు."

"అందరికీ తెలుసా?"

"ఆడాళ్ళందరికీ తెలుసు. ప్రేమమ్మక్క కుట్టు మిషను అట్టాగే కొనుక్కుంది. మా గేదె కూడా అంతే. మా తమ్ముడి దగ్గర గడ్డికే డబ్బుల్లేవు, గేదెనేం కొంటాడు?"

గుమాస్తా చూపించిన చోట ఆమె తడుముకోకుండా సంతకం చేసింది. అలవాటైన చెయ్యి. చెక్కు వచ్చేదాకా ఆసుపత్రి ఖర్చులు మాస్టారే సర్దాడు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఆయన్ని నిలదీశాను. "ప్రసంగాలు చెప్పే మనిషి అబద్ధం ఆడవచ్చా అండీ?"

"అబద్ధమేముంది? రాదు అన్నాను. అడగడానికి ఆఫీసుకు వెళ్ళకపోతే డబ్బు నడిచి వస్తుందా? ఒక్క మొగుడైనా వెళ్ళాడా?"

"మరి నాకెందుకు చెప్పలేదు? నేనెవరి మొగుణ్ణీ కాదే!"

"రేడియో కొంటానన్నావు. మొగుళ్ళ లెక్కలోనే వేశాను."

ఆదాం కర్రల సాయంతో నడవడం మొదలుపెట్టాక ఒకరోజు బడికొచ్చాడు. ఈసారి కుర్చీ జోలికి పోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారండీ, అయిదేళ్ళ గడువు తీసేశారంటగా?"

నా చేతిలో సుద్దముక్క విరిగింది. మాస్టారు హాజరు పిలవడం ఆపి తలెత్తాడు.

"తియ్యలేదు. నీ కాలు విరిగిందని జాలిపడి ఇచ్చారు. మళ్ళీ కావాలంటే రెండో కాలు విరగాలి."

ఆదాం తన రెండో కాలు వంక ఒకసారి చూసుకున్నాడు.

"వద్దులెండి. డబ్బులు అక్కడే ఉండనీండి," అన్నాడు. జేబులోంచి రెండు రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇయ్యి నా పేరున ఏస్తారా? రెబ్కాకి తెలీకూడదు. తెలిస్తే అడుగుద్ది."

"నేనుండగా ఆమెకెలా వస్తాయయ్యా?" అన్నాడు ఏసోబు మాస్టారు, నోట్లు జేబులో దోపుకుంటూ. "అడిగితే చెబుతాలే. అయిదేళ్ళని."