నోరు తెరవని బొమ్మ

ఇందులో ప్రతి అక్షరం నిజం. కొల్లేటి మీద ఒట్టేసి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్ళు నేనేం చెప్పినా సగం అక్కడే పారేసి, మిగతా సగమే ఇంటికి పట్టుకెళతారు. మీరు అలా చెయ్యకండి. పూర్తిగా వినండి.

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. పెదపాడు దగ్గర చేపల చెరువుల గట్ల మీద సగం జీవితం గడిపినవాణ్ణి. అక్కడ నాకు కనబడిన తెల్లచీరలన్నీ కొంగలే.

మా అక్క మంగమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఏలూరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ముక్కులో గొట్టం వేసి పాలు పోశారు. ఆ గొట్టం దించుతున్నప్పుడు అక్క కళ్ళు నావైపు తిరిగాయి. ఆ చూపు ఇంకోసారి చూసే ధైర్యం నాకు లేదు.

గొట్టం తీసి ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు ఒకటే చెప్పారు. "నోటితో తిన్నంతకాలం పర్వాలేదండీ. తినకపోతే మళ్ళీ గొట్టమే."

ఇంటికొచ్చాక అక్క పళ్ళు బిగబట్టింది. చెంచా పెదాలకి తగిలితే చాలు, దవడకి తాళం పడేది. నేను పెట్టినా అంతే, మా ఆవిడ రత్నం పెట్టినా అంతే. లోపలికి పోయేదానికంటే గడ్డం మీదుగా కారేదే ఎక్కువ. జాకెట్టు చేతులు వదులైపోతున్నాయి. అక్కకేమీ తెలియడం లేదులే అనుకున్నాం.

తాడేపల్లిగూడెంలో నర్సింగ్ అసిస్టెంట్ల కోర్సు ఒకటి ఉందని విని చేరిపోయాను. ఇంట్లో చెప్పలేదు. యాభై దాటినవాడు ఆడపిల్లల మధ్య కూర్చుని బెడ్‌పాన్ పెట్టడం నేర్చుకుంటున్నాడంటే చెరువు గట్టున నవ్విపోతారు. గూడెంలో చేపల మేత బేరం చూస్తున్నానని చెప్పి రైలెక్కేవాణ్ణి. క్లాసులోనూ నిజం చెప్పలేదు. మస్కట్‌లో ఉద్యోగానికని కోతలు కోశాను. అక్క ఊసెత్తితే పిల్లల ముందు ఏడ్చేస్తానని భయం. అంటే ఇంట్లోవాళ్ళకి క్లాసు సంగతి తెలియదు, క్లాసువాళ్ళకి అక్క సంగతి తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

అక్కడ మంచం మీద మనిషంత ప్లాస్టిక్ బొమ్మ ఉండేది. పిల్లలు దాన్ని అమ్మగారూ అనేవాళ్ళు. పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, నోరు శుభ్రం చెయ్యడం అన్నీ దాని మీదే. దవడకి స్ప్రింగు ఉంది, నొక్కితే నోరు తెరుచుకుంటుంది.

నేర్పే ఆవిడ పేరు మరియమ్మ మేడం. ఆవిడ పట్టుదల ఒకటే. ముందు నోటి మాట, తర్వాత చేతి పని. మనిషికి స్పృహ లేకపోయినా సరే, ఏం చెయ్యబోతున్నామో చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు.

"ప్లాస్టిక్కుకి చెవులుంటాయాండీ?" అన్నాను.

"మీకున్నాయి కదండీ. ముందు అవి విననివ్వండి," అంది. పిల్లలంతా కిసుక్కున నవ్వారు.

నేను చెప్పకుండానే నొక్కాను. నోరు తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాను. ఊహూ! పక్కనున్న పిల్ల "అమ్మగారూ, నోరు తుడుస్తానండీ" అని వేలు పెట్టిందో లేదో, టక్కున తెరుచుకుంది. మళ్ళీ నా వంతు. మళ్ళీ తాళం.

నాకు అనుమానం వచ్చింది. ఈ పిల్లలు నన్ను ఆటపట్టిస్తున్నారు. మంచం కింద దూరి దారం కోసం వెతికాను. దిండు విప్పి చూశాను. మేడం చేతిలో రిమోట్ ఉందేమోనని ఆవిడ కొంగు వంకే చూస్తుంటే, "ఏవండీ, బొమ్మ ఇటుంది," అంది. ఒకరోజు భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక ఒక్కణ్ణే వెళ్ళి నొక్కాను. తెరుచుకోలేదు. అటూ ఇటూ చూసి, నాకే వినబడనంత మెల్లగా, "అమ్మగారూ, నోరు తుడుస్తానండీ," అన్నాను.

టక్కుమంది.

ఆ రోజు నుంచి బొమ్మకి నేనిచ్చినంత మర్యాద మా మామగారికి కూడా ఇవ్వలేదు.

ఇంటి దగ్గర మాత్రం మామూలే. సొంత అక్కకి అన్నం పెట్టడానికి అనుమతేంటి? పైగా ఆవిడకి అర్థం కాదాయె. రత్నం అనుమానం రత్నానిది. "చేపల మేత దగ్గరకెళ్ళొస్తే ఆస్పత్రి సబ్బు వాసనేంటండీ? గూడెంలో చేపలకి స్నానాలు పోయిస్తున్నారా?" అని నిలదీసింది. ఏదో బుకాయించాను.

మళ్ళీ ఏలూరు తీసుకెళ్ళాల్సిందేనని అందరం అనుకున్న రోజు. మధ్యాహ్నం, ఎండ గుమ్మం దాకా వచ్చింది. చివరిసారిగా పెట్టి చూద్దామని అక్క తల కింద దిళ్ళు ఎత్తుపెట్టి, చిక్కగా కాచిన జావ చెంచా నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగుసుకున్నాయి. నేను చెంచాతో పళ్ళ సందు వెతుకుతున్నాను.

అప్పుడు అక్క మాట్లాడింది. నాలుక మందంగా ఉంది, కానీ ప్రతి మాటా తెలిసింది.

"బొమ్మకైతే చెప్తావు. నాకు చెప్పవేంట్రా?"

గిన్నె జారి జావంతా నా పంచె మీద పడింది. వంటింట్లోంచి రత్నం పరుగెత్తుకొచ్చి, "వదినగారు మాట్లాడారా? ఏ బొమ్మండీ?" అంది.

వేరే గిన్నెలో జావ పోయించుకుని అక్క పక్కన కూర్చున్నాను. "అక్కా, జావ తెచ్చాను. గోరువెచ్చగా ఉంది. ఎడమ బుగ్గ వైపు కొంచెమే పెడతాను. మింగాకే ఇంకో చెంచా," అన్నాను.

అక్క నోరు తెరిచింది.

గొట్టం అక్కర్లేకుండా పోయింది. కానీ నాకు నిద్ర పట్టలేదు. ఎవరు చెప్పారు? ముందు రత్నాన్ని అనుమానించాను, నా వెనకాలే గూడెం వచ్చిందేమోనని. క్లాసు సంగతి చెబితే నమ్మక, సర్టిఫికెట్ చూపించమంది. మేడంని అడిగితే, "మీకు అక్కగారున్నారా? మస్కట్ అన్నారు కదండీ!" అని తెల్లబోయింది. నిద్దట్లో పలవరించానేమోనంటే రత్నం కొట్టిపారేసింది. "మీరు నిద్దట్లో గురకే పెడతారు. నిజాలు చెప్పరు."

అక్కనే అడిగాను, చాలాసార్లు. నా మొహంలోకి చూస్తుంది. మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. అలా ఒక్కోసారి మాట తన్నుకొస్తుందండీ అన్నారు డాక్టరుగారు. మాట రావడం సరే, బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. బొమ్మ దవడ బిగుసుకోవడం, మంచం కింద దారం వెతకడం, ఆ టక్కుమనడం, అన్నీ నేను కల్పించినవే. దాని స్ప్రింగు నేను చేరేనాటికే విరిగిపోయింది. పాపం, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేది. మేడం మాట ప్రకారం దానికి చెప్పి చెయ్యడం మాత్రం నిజమే. నేనేం చెప్పినా సగం పారేస్తారు కదా, పారేసుకోవడానికని ఒక సగం కలిపాను.

అందుకే మొదట్లో ఒట్టు కొల్లేటి మీద వేశాను. సగం చేపల చెరువులైపోయినా ఇంకా కొల్లేరనే పిలిపించుకుంటోంది, నా అబద్ధం ఒకటి మొయ్యలేదా? అక్క అన్న ఆ మాటకి మాత్రం ఒట్టు వేరే ఉంది. అది అక్క మీదే.