మోచేతి పైన గాజులు

మా ఫైనలియర్ పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పైకెక్కితే, కాజీపేట స్టేషన్ల ఏ రైలు ఎంత లేటో కనపడేది. నేను ఎక్కి చూసిన కూడా. నమ్మకుంటే మీ ఇష్టం. ఆ ఏడాదంతా ఇరవై మందిమి ఒక్క మంచం చుట్టూ నిలబడి, ముందటోడి భుజం మీది నుంచి రోగిని చూసినం. నాకు రోగుల మొఖాల కన్నా ఆ ముందటోడి చొక్కా కాలరే బాగ యాదికుంది. దేశం మొత్తంల ఇద్దరికో ముగ్గురికో వచ్చే జబ్బుల గురించి గడగడ చెప్పి పాసైన. సూది మాత్రం ఒక్కనాడూ నా చేతికి రాలే.

గట్లనే హౌస్‌సర్జన్నై, పల్లె పోస్టింగుకని మానుకోట దిక్కు ఒక చిన్న దవాఖానకు పోయిన. ఎనభైల మొదట్ల, ఎండకాలం. పెద్ద డాక్టరు మీటింగుకు పోయిండు. మధ్యాహ్నపు తెల్లటి వెలుతురుల గోడలు, కిటికీలు కరిగిపోతున్నట్టుండె. దూరంగ గూడ్సు బండి కూత నిద్రల విన్నట్టు వినపడుతుండె. ఆ వెలుతురుల నుంచే ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. లంబాడోళ్ల తండా నుంచి ఒకాయన భార్యను ఎత్తుకొని దిగిండు. తెల్లారినసంది వాంతులు, విరేచనాలట. కండ్లు లోపలికి పోయినయి, నాడి దొరుకతలేదు. వెంటనే సెలైను ఎక్కకుంటే మనిషి దక్కదు. అది నాకు తెలుసు. దాని మీద పరీక్షల నాలుగు పేజీలు రాసిన.

నరం తేలాలంటే మోచేతి పైన రబ్బరు గొట్టం బిగించి కట్టాలె. అక్కడ జాగ లేదు. రెండు చేతులకూ మోచేతి నుంచి భుజం దాక తెల్లటి గాజులు.

"గాజులు తియ్యుండ్రి" అన్న, పుస్తకం చదివినట్టు.

అంత నీరసంల కూడా ఆమె చెయ్యి కొంగు కిందికి గుంజుకుంది. ఆయన నా దిక్కు ఒక చూపు చూసి, ఆమె వీపు కింద చెయ్యేసి లేపబోయిండు. తీసుకపోతున్నడు. బండి మళ్లీ రోడ్డెక్కితే ఏమైతదో నాకు తెలుసు. ఎందుకు పోతున్నడో మాత్రం తెలియదు.

వరండా ఊడుస్తున్న ముసలి ఆయమ్మ చీపురు గోడకు ఆనిచ్చి వచ్చింది. ఆయనను భుజం పట్టి కూసుండవెట్టి, నా దిక్కు తిరిగింది.

"గవి మొగడు సచ్చిననాడు తీసే గాజులు సారూ. గాయన నీ ముందట్నే ఉన్నడు. ఇప్పుడే తియ్యమంటివేంది?"

నా నోరు ఎండిపోయింది. సెలైను ముందుగాల నాకే ఎక్కించాలె అన్నట్టయింది.

"చెయ్యే కావాల్నా? కాలు లేదా?" అనుకుంట ఆయమ్మ కాలి కడియాన్ని పైకి జరిపి, చీలమండ లోపలి దిక్కు ఎముక ముంగట వేలు పెట్టింది. ఆ నరం పేరు, పుట్టుక, పోయే తొవ్వ అన్నీ మొదటి ఏడాదే బట్టీ కొట్టిన. దాని ఇల్లు మాత్రం ఆయమ్మ వేలి కిందనే చూసిన.

మొదటి పోటుకే దొరికిందని ఇన్నేండ్లసంది అందరికీ చెప్తున్న. మూడో పోటుకు దొరికింది.

తర్వాత అంతా సెలైను చుక్కలే. ఒక్కో చుక్కల ఒక కిటికీ, ఆ కిటికీల తలకిందులుగ నెమరేసే ఎడ్లు. ఎన్ని జతల ఎడ్లు కిందికి జారినయో, నేను నిద్రపోయిన్నో మేలుకున్ననో చెప్పలేను. పొద్దు వాలంగ ఆమె కండ్లు తెరిచి, వాళ్ల భాషల ఏదో అడిగింది. ఆయన మొదటిసారి నవ్విండు. ఏమంటుందని ఆయమ్మను అడిగిన.

"సారుకు పెండ్లి కాలేదా అంటుంది. అయ్యుంటే గాజుల జోలికి రాకపోవునట."

కాలేదని చెప్పుమన్న. ఆయమ్మ చెప్పింది. ఆమె ఇనుకుంట, గాజుల చెయ్యి కొంగు కింది నుంచి తీసి, మంచం మీద నా దిక్కే పెట్టుకుంది.