డ్రైవర్ అక్కర్లేదన్న కెమెరా

నా పుణ్యమా అని ఒక పెండ్లి గాజులు లేకుండనే జరిగిపోయేది. పెండ్లికొడుకుది తప్పు లేదు, పిల్లది తప్పు లేదు. తప్పంతా నాది, అందుల సగం నా నోటిది.

అప్పుడు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంల కొత్తగ చేరిన. మా బహదూర్‌పురాల పాల ప్యాకెట్ కోసం పోయినా మెడల కంపెనీ కార్డు వేలాడాల్సిందే. లాడ్ బజార్‌ల లక్క గాజుల దుకాణం నడిపే ఖాదర్ భాయ్ మా బాపుకు దోస్తు. రాళ్లు ఊడిన గాజులు ఏరి పక్కన పెట్టే జుబేదా ఖాలాకు కంటి ఆపరేషన్ అయింది. అదే టైముకు పెండ్లి ఆర్డర్ వచ్చి పడ్డది.

"ఫికర్ ఎందుకు భాయ్, కెమెరా పెడ్దాం. రాళ్లు లెక్కపెట్టి గాజు మంచిదో కాదో అదే చెప్తది" అన్న.

కెమెరా అమ్మినాయన ఒక పెన్ డ్రైవ్ చేతిల పెట్టి, "ముందు ఈ డ్రైవర్ ఎక్కించుకో తమ్మీ, కంప్యూటర్ కెమెరాను గుర్తువడ్తది" అన్నడు.

"అక్కర్లేదన్నా. నా ప్రోగ్రాం కెమెరాతోని డైరెక్ట్‌గ మాట్లాడ్తది."

పెన్ డ్రైవ్ ఆయనకే ఇచ్చేసి, చార్మినార్ నేనే కట్టించినట్టు నడుచుకుంట ఇంటికి వచ్చిన.

ఇంట్ల నా కంప్యూటర్ మీద మస్తు పనిచేసింది. "మొదటి కెమెరా తెరువు" అని ప్రోగ్రాంల రాసిన, తెరుచుకున్నది. కెమెరా చూసే బొమ్మ తెర మీద చూపిస్తే స్పీడ్ తగ్గుతదని బొమ్మనే తీసేసిన. ఎంత తెలివో చూడండి.

దుకాణంల ఖాదర్ భాయ్ ల్యాప్‌టాప్‌కు కెమెరా తగిలించినం. భాయ్ తెరకు ఎదురుంగ కూసున్నడు. మొదటి గాజు కెమెరా కింద పెట్టిన. "రాళ్లు తక్కువ. పనికిరాదు" అని వచ్చింది. రెండోదానికీ గదే, ఇరవయ్యోదానికీ గదే.

"ఏంది బేటా, అన్నీ ఖరాబేనా?"

"మిషిన్‌కు మొహమాటం ఉండదు భాయ్. ఇన్నేండ్లు మనుషుల కండ్లే మోసపోయినయ్."

భాయ్ పెట్టెలన్నీ వెనక గల్లీల గాజులు చేసే యూసుఫ్ మియాకు వాపస్ పంపిండు. అర్ధగంటల మియా ఆ పెట్టెలు మోసుకుంట వచ్చిండు. వెనకనే, సంగతి విని, ఆపరేషన్ నల్ల అద్దాలు పెట్టుకుని ఖాలా. మియా లొల్లి చేస్తడనుకున్న, చెయ్యలేదు. గందుకే ఇంకా భయమైంది.

"ఏ రాయి తక్కువుందో చూపించు. ఇయ్యాల్నే ఈ పని బంద్ చేస్త" అన్నడు నాతోని.

గాజు అటు తిప్పిన, ఇటు తిప్పిన. దొరకలేదు. ఖాలా గాజు తీసుకుని అంచు పొంటి వేలు జరిపి, "అన్నీ ఉన్నయ్" అన్నది.

కెమెరా ఏం చూస్తున్నదో చూడాలనిపించింది. ప్రోగ్రాంల బొమ్మ మళ్ల ఆన్ చేసిన.

తెర నిండ ఖాదర్ భాయ్ ముఖం. చుట్టూ ఎర్ర గీత. కింద, "రాళ్లు తక్కువ. పనికిరాదు."

ల్యాప్‌టాప్ తెర పైన దాని సొంత కెమెరా ఒకటి ఉంటది కదా. మా ఇంటి కంప్యూటర్‌కు అది లేదు. ఇక్కడ మొదటి కెమెరా అంటే అదే. పొద్దుగాల నుంచి నా ప్రోగ్రాం గాజుల దిక్కే చూడలేదు, భాయ్ ముఖంల రాళ్లు వెతుకుతున్నది.

యూసుఫ్ మియా తెర దిక్కు చూసిండు, భాయ్ దిక్కు చూసిండు. "మిషిన్ సరిగ్గనే చెప్పింది" అని పెట్టెలు కింద పెట్టిండు. ఖాలా అద్దాల కింద కొంగు పెట్టుకుని, "డాక్టర్ నవ్వొద్దన్నడు, బయటికి పోత" అన్నది.

ప్రోగ్రాంల మొదటి కెమెరా బదులు రెండోది అని ఒక్క అంకె మార్చిన, అంతా కుదిరింది, పెండ్లికి గాజులు అందినయ్. మియాకు చేతులు జోడించి మాఫీ అడిగిన. మెడల కార్డు తీసి జేబుల పెట్టుకున్న.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్న. కెమెరా ఏం చూస్తున్నదో నేను చూడకుండ ఎవరి పనికీ వంక పెట్టను. ఖాదర్ భాయ్ ముఖం సంగతి ఎవరడిగినా నాకు తెల్వదనే చెప్త.