పెద్దింటికా, పెద్ది ఇంటికా?

కవుతరం దగ్గర రైల్వే గేటు పడేసరికి బందరు నుంచి గుడివాడ వెళ్లే బస్సు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. గేటు పడితే ఎంత తొందరలో ఉన్నవాడైనా కాసేపు వేదాంతి అయిపోతాడు. డ్రైవరు దిగి నీడ వెతుక్కున్నాడు. షాహీన్ కూడా దిగి, మజ్జిగ ప్యాకెట్టు ఒకటి కొనుక్కుని మళ్లీ ఎక్కింది. చూస్తే, కిటికీ పక్కన తాను కర్చీఫ్ వేసి వెళ్లిన సీట్లో ఒక ముసలాయన కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, మీ కింద నా కర్చీఫ్ ఉందండి."

"ఉంటే ఉందిలే అమ్మాయ్. మెత్తగానే ఉంది."

"మెత్తదనానికి వెయ్యలేదండి. సీటుకి వేశాను."

ఆయన తలెత్తాడు. ఆమె తల చుట్టూ ఉన్న నల్ల స్కార్ఫ్ కంటబడింది. అంతే, నడుం కాస్త వంగింది, గొంతు మారింది, లేని గడ్డాన్ని నిమురుకుంటూ, "అరె బేటీ! నాకీ తెల్దూ! నీకీ సీటు కావాలీ, నాకీ కాళ్లు నొప్పీ. ఎట్లా చేసేదీ?" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరు కిసుక్కుమన్నారు.

షాహీన్ నవ్వలేదు. "మీదే ఊరండీ?"

"నాగాయలంక."

"దివిసీమలో ఇట్లాగే మాట్లాడతారా?"

ముసలాయన జరిగి కిటికీ పక్క చోటు వదిలాడు. "ఇది ఊరి యాస కాదమ్మా, నాటకం యాస. నాకు అన్నం పెట్టింది."

"అన్నం మీకు, ఎంగిలాకులు మాకా?"

వెనక నవ్విన ఇద్దరూ కిటికీలోంచి రైలు కోసం చూడటం మొదలుపెట్టారు. ముసలాయన మాత్రం ముచ్చటపడ్డాడు. "నోరుంది నీకు. నా పేరు నాంచారయ్య. నీ పేరేంటి?"

"షాహీన్. అయితే మీది బీబీ నాంచారి పేరన్నమాట. మా ఇంటి ఆడపడుచుని వెంకన్నబాబుకిచ్చి చేశాం. ఆ లెక్కన మనం వియ్యాలవారం. వియ్యాలవారి మాటనే వెక్కిరిస్తారా?"

"వియ్యాలవారి మధ్య కాకపోతే వేళాకోళం ఇంకెవరి మధ్య ఉంటుందే!" అని నాంచారయ్య బస్సంతా దద్దరిల్లేలా నవ్వాడు. "గుడివాడ కాలేజీలో ఇవాళ మధ్యాహ్నం నాటకం. 'తాంబూల భంగం'లో చివరి రంగం. అందులో అత్తరు సాయిబు వేషానికి నన్ను పిలిపించారు. రామ్మా, చూద్దువు గాని."

షాహీన్ చేతిలో మజ్జిగ ప్యాకెట్టు అట్లాగే ఉండిపోయింది. ఆమె సంచిలో ఉన్నదీ ఆ రంగమే. రాసిందీ ఆమే. లేదా, నిన్నటిదాకా ఆమె.

బందరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. ఈ రేవుకు డచ్చివాళ్లు వచ్చారు, ఫ్రెంచివాళ్లు వచ్చారు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తెలుగును నమిలి నమిలి ఉమ్మారు. దొరగారు రెండు తెలుగు ముక్కలు పలికారంటే, అవి ఎట్లా పలికినా సరే, పదిమందికి చెప్పుకుని మురిసిపోయాం. పక్క వీధిలో పుట్టి, పక్క వీధిలోనే చిట్టిగారెలు తిని పెరిగిన సాయిబుకు మాత్రం నాటకాల్లో "నాకీ" అనే దీర్ఘం ఒకటి తోకలా తగిలించాం. అది బందరు వీధుల్లో ఎవరి నోటా వినపడదు. స్టేజీ ఎక్కితే అందరి చెవులకూ వినపడుతుంది.

షాహీన్ తండ్రి సలాం చిలకలపూడిలో కవరింగ్ నగలకు పూత వేస్తాడు. తల్లి ఆమినా బీ. ఇంటరుతో చదువు ఆపేసిన షాహీన్ కొన్నేళ్లు గొలుసులకు కొక్కేలు తగిలిస్తూ గడిపి, పాతికేళ్లు దాటాక మళ్లీ డిగ్రీకి వెళ్తానంది. అదీ తెలుగు స్పెషల్. బందరులో సీటు దొరకలేదు. గుడివాడలో దొరికింది. "తెలుగెందుకే, నీకు రాదా ఏంటి?" అని తల్లి అడిగితే, "నాకొచ్చని వాళ్లకి తెలియాలిగా" అంది.

తెలుగు లెక్చరరు చలపతిరావు వ్యాసాల మీద వ్యాసాలు రాయించేవాడు. మొదటిది మాతృభాష గొప్పతనం. తరగతంతా తేనెలూ పనసతొనలూ ఒలకబోసింది. షాహీన్ ఇట్లా రాసింది: "మా అమ్మ ఉర్దూలో తిడుతుంది, తెలుగులో ఏడుస్తుంది, బేరం రెండింటిలోనూ ఆడుతుంది. ఇందులో నా మాతృభాష ఏదో మీరు తేల్చండి. గొప్పతనం నేను రాస్తాను." చలపతిరావు కింద "విషయం దాటవేత" అని రాశాడు. ఏదైనా పని చేసే విధానం వివరించమన్నప్పుడు పులిహోర కలిపినవాళ్లు కొందరు, గాలిపటం కట్టినవాళ్లు కొందరు. ఆమె మాత్రం రద్దీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టే విధానం రాసింది. ఆ విద్యలో ముఖ్య సూత్రం, "వేసినంత మాత్రాన సీటు మనది కాదు. వచ్చి అడగాలి." పోలికలూ భేదాలూ రాయమంటే అందరూ బందరు లడ్డునూ హల్వానూ తూచారు. ఆమె అసలు బంగారాన్నీ తండ్రి పూసే బంగారాన్నీ పక్కపక్కన పెట్టి, "అసలుది బీరువాలో ఉంటుంది, మా నాన్నది పెళ్లికి వెళ్తుంది" అని ముగించింది. ఆ పేపరు చూసి చలపతిరావు మొదటిసారి నవ్వాడు. చెడ్డవాడేం కాదు. పాత పద్యం చదువుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. పాతదానికి ఎవరైనా చెయ్యి తగిలిస్తే మాత్రం ఆ కళ్లే ఎర్రబడేవి.

ఆఖరుది నాటకం. "తాంబూల భంగం" ప్రహసనంలోని చివరి రంగాన్ని ఈ కాలానికి తగ్గట్టు తిరగరాయాలి.

కథ చిన్నది. కాటికి కాళ్లు చాపిన పంతులొకడు పడుచుపిల్లను చేసుకోబోతాడు. ముహూర్తం గుట్టుగా ఉంచాలి. అందుకని పిల్ల వాళ్లుండే పెద్ద ఇంటికి అత్తరు సాయిబు చేత కబురు పంపుతాడు. "పెద్దింటికి వెళ్లి చెప్పు" అంటాడు. తెలుగు సరిగా రాని సాయిబు తిన్నగా పెద్ది ఇంటికి వెళ్తాడు. పెద్ది అంటే పంతులు ఎప్పుడో ఆశపెట్టి వదిలేసిన మనిషి. ఆమె రోకలి పట్టుకుని బయల్దేరుతుంది. తాంబూలాలు భంగం. సాయిబు చేతులు కట్టుకుని "నాకీ తెల్దూ" అంటాడు. జనం పొట్టలు పట్టుకుంటారు.

షాహీన్ ఈ నాటకం చిన్నప్పుడే చూసింది. తండ్రి భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. "నాకీ" అన్నప్పుడల్లా అందరికంటే గట్టిగా నవ్వింది సలామే. ఇంటికొచ్చేటప్పుడు అడిగింది, "నాన్నా, నువ్వట్లా మాట్లాడవుగా, ఎందుకు నవ్వావు?" అని. సలాం ఆమెను భుజాల మీద సర్దుకుంటూ చెప్పాడు: "నవ్వకపోతే అందరూ మనవైపే చూస్తారమ్మా."

ఆమె రాసిన రంగంలో సాయిబు పంతులు ముందు "నాకీ" అంటాడు. పంతులు వీపు తిప్పగానే నడుం నిటారు చేసి చక్కటి తెలుగులో అసలు సంగతి చెబుతాడు. ఏ ఇంటికి వెళ్లాలో వాడికి మొదట్నుంచీ తెలుసు.

రంగం బాగుందన్నాడు చలపతిరావు. వార్షికోత్సవంలో ఆడిద్దామన్నాడు. కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీలో "రచన: షాహీన్" అని పడింది. ఆ ఫోటో ఫోనులో చూసుకుని సలాం తెల్ల చొక్కా ఇస్త్రీకి వేశాడు. ఆ తర్వాత, నిన్న, స్క్రిప్టు ఆమె చేతికొచ్చింది. నిటారు నడుం కొట్టేసి ఉంది. చక్కటి తెలుగు కొట్టేసి ఉంది. పై నుంచి కింది దాకా ఎర్రసిరాతో "నాకీ", "నాకీ", "నాకీ". అంచున "మూలంలో ఉన్నట్టే ఉండాలి" అని ఒక ముక్క. పైన పేరు మాత్రం ఆమెదే.

రైలు వెళ్లింది. గేటు లేచింది. బస్సు కదిలాక నాంచారయ్య పాత రోజుల్లోకి జారుకున్నాడు.

"మాకు రిహార్సల్ లేదమ్మా, పాడూ లేదు. తెర పక్కన ప్రాంప్టరు ఉండేవాడు, మాటలు అందించేవాడు. వాడి నోట్లోంచి ఊడిపడటం, మా నోట్లోంచి బయటపడటం. ఒకసారి కోడూరులో ఇదే నాటకం. ప్రాంప్టరు పక్కవాడితో 'కాస్త జరుగు, దోమలు' అన్నాడు. నేను పంతులుగారితో 'కాస్త జరుగూ, దోమలూ' అనేశాను! జనం ఒకటే చప్పట్లు. ఇక ఏ ఊరెళ్లినా ఆ ముక్క ఉండాల్సిందే. మిగతా నాటక సమాజాల వాళ్లు కూడా ఎత్తుకెళ్లిపోయారు."

షాహీన్ గబుక్కున సంచిలోంచి స్క్రిప్టు తీసింది. రెండో పేజీ. ఎర్రసిరాలో, గుండ్రటి అక్షరాల్లో: "కాస్త జరుగూ, దోమలూ."

బస్సు ఎక్కాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"ఏంటమ్మా ఆ కాగితాలు?"

"మా సారు దిద్దిన మూలం తాతగారూ" అని మళ్లీ సంచిలో పెట్టేసింది.

కాలేజీలో స్టేజీ వెనక చలపతిరావు పట్టుపంచె సర్దుకుంటూ తిరుగుతున్నాడు. షాహీన్ ఎదురెళ్లి నిలబడింది.

"సార్, నేను రాసింది ఆడించండి. లేకపోతే నా పేరు తీసేయండి."

"ఫ్లెక్సీ కట్టేశాక పేరెట్లా తీస్తామమ్మా? చూడు షాహీన్, నువ్వు తెలివైనదానివి. హాస్యంలోకి అనవసరంగా మతాన్ని తీసుకొస్తున్నావు."

"మతం కాదు సార్, సంధి తెచ్చాను. పెద్ద, ఇంటికి అంటే అత్వసంధి. పెద్ది, ఇంటికి అంటే ఇత్వసంధి. రెండూ పెద్దింటికే వెళ్తాయి. మా సాయిబు రెండోది ఎంచుకున్నాడు. అంత సంధి తెలిసినవాడికి తెలుగు రాదంటారా?"

ఆ మాటకు చలపతిరావుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "క్లాసిక్కును ముట్టుకోకూడదమ్మా. పెద్దలు ఏది రాశారో అదే."

"మరి ఈ దోమలు ఏ పెద్దలు రాశారు సార్? కోడూరులో ప్రాంప్టరుని కుట్టిన దోమలవి. నాంచారయ్యగారిని అడగండి."

పక్కన గడ్డం అంటించుకుంటున్న నాంచారయ్య, "అవునండీ, వాడి పేరు..." అని మొదలుపెట్టబోయాడు. చలపతిరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "స్టేజీ మీద నిలబడ్డాక అదీ సంప్రదాయమే."

"దోమలకి చోటిచ్చిన నాటకంలో నా సాయిబుకి చోటు లేదా సార్?"

అంతలో పిల్ల వేషం కట్టిన ఇంద్రజ పరిగెత్తుకొచ్చింది. "సార్, ప్రాంప్టింగ్ చెయ్యాల్సినవాడు రాలేదు! ముసలాయనకేమో మాటలందించేవాళ్లు లేకపోతే కుదరదంట!"

చలపతిరావు అటూ ఇటూ చూసి షాహీన్ చేతిలోని కాగితాల మీద చూపు నిలిపాడు. "నువ్వే చెయ్యి. నీకు కంఠతా వచ్చుంటుంది."

"వచ్చు సార్" అంది షాహీన్. "బాగా వచ్చు."

పక్కతెర వెనక ఒక స్టూలు ఉంది. దాని మీద కర్చీఫ్ పరుచుకుని కూర్చుంది. ఎర్రసిరా కాగితాలు ఒళ్లో పెట్టుకుంది గాని తెరవలేదు. తెర సందులోంచి జనం కనిపిస్తున్నారు. ముందువైపు కుర్చీల్లో, తెల్ల చొక్కాలో, తర్వాతి బస్సుకి వచ్చిన సలాం.

నాంచారయ్య ప్రవేశించాడు. వంగిన నడుం, భుజాన అత్తరు పెట్టె, కళ్లలో కొంటెతనం. ఒప్పుకోవాలి, మహానటుడు. "నాకీ" అనే మొదటి దీర్ఘానికే హాలు ఊగిపోయింది. దోమలకు ఈలలు పడ్డాయి. షాహీన్‌కు కూడా పెదవి చివర నవ్వు కదిలింది. అది చూసుకుని ఆమెకే ఒళ్లు మండింది. సలాం గట్టిగా నవ్వుతున్నాడు. అటూ ఇటూ చూస్తూ నవ్వుతున్నాడు.

పంతులు "పెద్దింటికి వెళ్లి చెప్పు" అని వీపు తిప్పాడు.

"నడుం ఎత్తండి" అంది షాహీన్, తెర వెనక నుంచి.

నాంచారయ్య ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఆ చోట ఎవరూ ఆ ముక్క అందించలేదు.

"నడుం ఎత్తండి తాతగారూ. 'తెలుగు రాదనుకున్నవాడి ముందు అందరూ అన్నీ మాట్లాడతారు.'"

హాలు ఎదురుచూస్తోంది. ముసలాయన కళ్లు పక్కతెర వైపు తిరిగాయి. నల్ల స్కార్ఫ్ కనపడింది. అవతలి పక్కతెర దగ్గర చలపతిరావు వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. నాంచారయ్య ఆ చేతిని చూశాడు, స్కార్ఫును చూశాడు. భుజం మీది పెట్టె దించాడు. తర్వాత, పొలం గట్టు మీద పని ముగించినవాడిలా, నెమ్మదిగా నడుం ఎత్తాడు.

"తెలుగు రాదనుకున్నవాడి ముందు అందరూ అన్నీ మాట్లాడతారు" అన్నాడు నాగాయలంక తెలుగులో, తన సొంత గొంతుతో.

షాహీన్ అందిస్తోంది, ఆయన అంటున్నాడు. రెండు గొంతులకీ మధ్య ఊపిరంత సందు కూడా లేదు.

"ఈ వీధిలో అత్తరు అమ్మి అమ్మి, ఏ ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో వాసనతో పట్టేశాను. పంతులుగారూ, తమరిది అత్వసంధి. నాది ఇత్వసంధి. తమరు పెద్ద ఇంటికి పొమ్మన్నారు. నేను పెద్ది ఇంటికి పోతున్నాను. రోకలి ఎక్కడుందో కూడా నాకు తెలుసు!"

వెనక వరసల్లో ఆడపిల్లల నుంచి మొదలైంది నవ్వు. అక్కణ్నుంచి ముందుకు పొంగింది. ఈసారి అది సాయిబు మీదికి రాలేదు. నేరుగా పోయి పంతులు వీపుకు తగిలింది. పెద్ది రోకలితో వచ్చేసరికి పంతులు నిజంగానే పారిపోయాడు, పాపం, ఆ వేషం కట్టిన కుర్రాడికి తన మాటలేమిటో తోచక.

షాహీన్ తెర సందులోంచి చూసింది. హాలంతా నవ్వుతోంది. సలాం ఒక్కడు నవ్వడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచి, స్టేజీ మీది నిటారు మనిషినే చూస్తున్నాడు.

ఆయన వైపు ఎవరూ చూడలేదు.

తెర పడింది. చలపతిరావు ఊగిపోతూ వచ్చాడు. "ఎవరన్నారు ఆ మాటలు? ఎవరు?"

"సాయిబు అన్నాడు సార్" అంది షాహీన్.

"నీ ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయని..."

"ఉంచుకోండి సార్." ఎర్రసిరా కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. "ఇవి కూడా. ఫ్లెక్సీ మీద పేరు ఉండనివ్వండి, ఇప్పుడు అది నిజమే."

అవతల జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. గడ్డం సగం ఊడిన నాంచారయ్య, "అమ్మాయ్! షాహీనూ! ఉండవే, ఒక్క మాట!" అంటూ పిలుస్తూనే ఉన్నాడు. ఆమె మెట్లు దిగింది. హాలు పక్కగా నడిచింది. సలాం కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని వెనకే వెళ్లాడు. ఇద్దరూ గేటు దగ్గర ఫ్లెక్సీ కింద నుంచి దాటిపోయారు. ఆమె తల తిప్పలేదు, వస్తానని ఎవరికీ చెప్పలేదు.

పక్కతెర వెనక స్టూలు మీద కర్చీఫ్ పరిచినట్టే ఉంది. కాళ్ల నొప్పులతో కూర్చునే చోటు వెతుక్కుంటూ వచ్చిన నాంచారయ్య దాన్ని చూశాడు. ఈసారి దాని మీద కూర్చోలేదు. పక్కనే నేల మీద చతికిలబడి మిగిలిన గడ్డం పీక్కోవడం మొదలుపెట్టాడు.