మూడు కవర్లలో ఒక ఫిరోజా

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నగల దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని, కుడికంటికి బొటనవేలంత అద్దం తగిలించుకుని ముప్పై ఏళ్ళు రాళ్ళు పొదిగాడు కాబట్టి భూతద్దమయ్య అయిపోయాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక్కోసారి ఆ అద్దం నుదుటి మీదే ఉండిపోయేది. "ఏమండోయ్, మూడోకన్ను దించడం మర్చిపోయారు" అని పళ్ళ దుకాణం ఆమె కేకేసేది.

మనుషుల మొహాలు ఆయనకి గుర్తుండేవి కావు. చేతులు గుర్తుండేవి. ఒకసారి సొంత బావమరిది వచ్చి బల్ల ముందు నిలబడి ఉంగరం తీసిస్తే, తల ఎత్తకుండానే, "రాయి పట్టు సడలింది. ఎవడో మొద్దు చేత్తో వంచాడు" అన్నాడు.

"ఆ మొద్దువి నువ్వే బావా. పోయినేడాది నువ్వే చేశావు."

అప్పుడు గాని తల ఎత్తలేదు. ఈ ముచ్చట ఇంట్లో చాలాకాలం నడిచింది. భార్య అయితే వచ్చిన చుట్టాలందరికీ నటించి మరీ చూపించేది.

దుకాణంలో గోడకి ఒక పటం ఉండేది. పుట్టిన నెలకో రాయి. జనవరికి గార్నెట్, మే నెలకి పచ్చ, జులైకి కెంపు, డిసెంబరుకి ఫిరోజా అనే నీలిరాయి, అలా పన్నెండు. దాని కింద నిలబడి నోరు తెరిచి చూసేవాళ్ళంటే భూతద్దమయ్యకి మహా హుషారు. "ఈ జాబితా ఆకాశం నుంచి ఊడిపడలేదండీ. నూరేళ్ళ కిందట వ్యాపారులు కొందరు ఒకచోట కూర్చుని ఖాయం చేసుకున్నారు. అంతకుముందు కలిగినవాళ్ళు పన్నెండు రాళ్ళూ దాచుకుని, నెలకొకటి మార్చి పెట్టుకునేవాళ్ళట" అని మొదలుపెట్టేవాడు. ముందుగదిలోంచి యజమాని దగ్గేవాడు. ఆ దగ్గు అర్థం తెలిసి ఆయన వెంటనే కథల్లోకి దిగేవాడు. ఫిరోజా పెట్టుకున్నవాడు గుర్రం మీంచి పడడని, పడినా దెబ్బ రాయే తీసుకుంటుందని. ఫిరోజా ఎవరికి వాళ్ళు కొనుక్కోకూడదని, ప్రేమగలవాళ్ళు ఇస్తేనే పనిచేస్తుందని. పెట్టుకున్నవాళ్ళ ఒంట్లో బాగాలేకపోతే రంగు మారిపోతుందని.

"నిజమేనా?" అని అడిగేవాళ్ళు.

"వినడానికి బాగుంటుంది. నిజమేమిటంటే అది స్పాంజిలాంటి రాయి. సబ్బు, నూనె, అత్తరు, చెమట, ఏది తగిలితే అది పీల్చేస్తుంది. పీల్చి పీల్చి పచ్చబడుతుంది. రోగం లేదు, రొష్టూ లేదు."

జాగ్రత్తలు కూడా అంత శ్రద్ధగానూ చెప్పేవాడు. పచ్చరాయిని వేడినీళ్ళలో ముంచితే లోపలి పగుళ్ళలో పట్టించిన నూనె బయటికొచ్చి రాయి వెలవెలబోతుందనీ, ముత్యాలు అన్నిటికంటే ఆఖర్న పెట్టుకుని అన్నిటికంటే ముందు తీసేయాలనీ. ఇక ఉంగరం బిగుతైందని ఎవరైనా వస్తే ఒక పట్టాన చేతిలోకి తీసుకునేవాడు కాదు. "ఎన్నాళ్ళనుంచి బిగుతు? పొద్దున్నా, సాయంత్రమా? ఒక్క వేలేనా, అన్నీనా? ఒంట్లో బాగానే ఉందా?" వాచిన వేలికి ఉంగరం సాగదీస్తే, వాపు తగ్గాక మళ్ళీ కోసి అతకాలి. రెట్టింపు పని. అందుకని ఈ ప్రశ్నలు పని నేర్చుకున్ననాడే నోటికి పట్టేశాయి.

ఈ ప్రశ్నలు అడక్కుండా ఆయన సైజు పెంచిన ఉంగరం ఒక్కటే. అది ఆయన భార్యది.

ఆవిడ డిసెంబరులో పుట్టింది. పెళ్ళైన మొదటి ఏడు పుట్టినరోజుకి ఆయన తన చేత్తో వెండి ఉంగరం చేసి, కందిగింజంత ఫిరోజా పొదిగిచ్చాడు. మబ్బులేని మధ్యాహ్నపు ఆకాశంలా ఉండేది ఆ రాయి. "వజ్రం ఇవ్వాల్సినవాడు నీలిబటాణీ ఇచ్చి సరిపెట్టాడు" అని అందరికీ చెప్పుకుని నవ్వేది కాని, ఇరవై ఆరేళ్ళు వేలినుంచి తీయలేదు.

ఒకనాడు అన్నం తింటుండగా, "ఏమండీ, ఇది కాస్త బిగుతుగా ఉంటోంది, చూస్తారా?" అంది. సబ్బు నురగ రాసి ఊడదీయడానికి పావుగంట పట్టింది.

"వయసొస్తే వేళ్ళూ ఒళ్ళు చేస్తాయి. తిండి తగ్గించు" అన్నాడాయన.

"వండేదాన్ని నేను, తినేది మీరు. నాకెలా పట్టిందో మరి" అందావిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు దుకాణంలో చిన్న కాగితపు కవరు తీసుకుని, అందరి కవర్ల మీద రాసినట్టే తేదీ వేసి, 'ఫిరోజా, ఒక సైజు పెంచాలి' అని రాసి, పని ముగించాడు. పనైపోయాక కవర్లు పెట్టెలో పడేయడం అక్కడ అలవాటు. అదీ పడేశాడు.

ఏడాదిన్నర తర్వాత ఆవిడే దుకాణానికి వచ్చింది. బేరం ఉన్న వేళ. యజమాని ఉన్నాడు, ఎవరో తల్లీకూతుళ్ళు గోడమీద పటం చూస్తున్నారు. ఆవిడ చెయ్యి బల్లమీద పెట్టింది. ఆకాశం రంగు రాయి పాచిపట్టిన గోడలా పచ్చబడిపోయింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కర్పూరం ఘాటు.

"నొప్పుల మందు! ఇది పెట్టుకుని నొప్పుల మందు రాస్తావా? ఊళ్ళోవాళ్ళందరికీ నీతులు చెప్తాను, నా ఇంట్లోనే ఇదా? రాసుకునేముందు తీయాలని తెలీదూ?"

"తీద్దామంటే కణుపు దాటట్లేదండీ."

"దాటకపోతే నాకివ్వాలి. పాతికేళ్ళు కాపురం చేశావు, ఆమాత్రం తెలీదా?"

పటం చూస్తున్న అమ్మాయి నవ్వాపుకుంది. యజమాని, "పోనీలేవయ్యా, ఇంటావిడ మీద అరుస్తావేంటి?" అన్నాడు. ఆవిడ మటుకు నవ్వుతూనే, "అరవనివ్వండి. ఇంట్లో అరిస్తే వినేదాన్ని నేనొక్కదాన్నే. ఇక్కడైతే నలుగురున్నారు" అంది. ఆయన మెత్తటి తోలుతో రాయి రుద్దాడు, మరో సైజు పెంచాడు, రెండో కవరు మీద 'రంగు మారింది, మందు జిడ్డు' అని రాశాడు. జిడ్డు ఏ మందుదో కనిపెట్టిన మనిషి, ఆ మందు ఎందుకని అడగలేదు.

మూడోసారి ఆయనే పట్టుకున్నాడు. ఆవిడ ఉంగరానికి లోపలివైపు తెల్లదారం చుట్టి ఉంది. కణుపులు ఉబ్బి, వేలి మొదలు సన్నబడి, ఉంగరం గిర్రున తిరుగుతోంది. "దారమా? నా పెళ్ళాం చేతి ఉంగరానికి దారమా? ఎవరన్నా చూస్తే నా పరువేంకాను?" అని అక్కడికక్కడే తీయించాడు. ఉంగరం లోపల ఆవగింజలంత వెండి గుళ్ళు రెండు అతికాడు. కణుపు దాటేటప్పుడు అడ్డురావు, దాటాక వేలిని పట్టుకుని తిరగనివ్వవు. ఎంత ముచ్చటైన పని! మూడో కవరు మీద 'లోపల రెండు గుళ్ళు' అని రాసి, యజమానికి చూపించి మెచ్చుకోలు కూడా పొందాడు. వేలు అలా ఎందుకైందన్న మాట ఇద్దరికీ తట్టలేదు.

అది జరిగిన అయిదు వారాలకి ఆవిడ మేడమెట్ల మీద ఊపిరందక కూలబడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆయన భార్య వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఇది కీళ్ళ జబ్బనీ, లోలోపల ముదిరి ఊపిరితిత్తులదాకా వెళ్ళిందనీ చెప్పింది. ఆయన్ని వరండాలోకి పిలిచి, "వేళ్ళ వాపు ఎప్పుడు మొదలైందో చెప్పగలరా? మామూలుగా ఇంట్లోవాళ్ళు గమనించరు. సుమారుగా చెప్పినా చాలు" అంది.

ఆయన చెప్పాడు. మూడేళ్ళ కిందట, మార్చి రెండోవారం. ఒక సైజు. తర్వాత ఏడాదిన్నరకి ఇంకో సైజు. వాపు కణుపుల దగ్గర, వేలి మొదట్లో కాదు.

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది. "ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందండీ?"

నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది. "నేనే... నేనే ఉంగరం సైజు పెంచానమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఏదన్నా అని ఉంటే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె కాగితం మీదికి వంగి ఆ తేదీలు వేసుకుంది. అంతే.

ఆ సాయంత్రం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆవిడ మొహం చూడలేక చేతికేసే చూస్తూ, "అందర్నీ అడుగుతానే. ఒంట్లో బాగుందా అని ముక్కూ మొహం తెలీనివాళ్ళని కూడా అడుగుతాను. నిన్ను అడగలేదు" అన్నాడు.

"నేనూ చెప్పలేదులెండి."

"ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. "చెప్పాలంటే మీరు తలెత్తాలి కదా" అని నవ్వబోయి దగ్గింది. "అయినా ఆ వేళ దుకాణానికి అందుకే వచ్చాను. రాయి చూస్తే మీకే తెలుస్తుందనుకున్నా. మీరే కదండీ చెప్పారు, ఒంట్లో బాగోకపోతే రంగు మారుతుందని."

"అది కట్టుకథే, పిచ్చిదానా."

"కట్టుకథే. కాని మారిందిగా."

నిజమే, కథ చెప్పిందే జరిగింది. ఒళ్ళు చెడింది, మందు రాసింది, మందు రాయిని మార్చింది. మధ్యలో ఉన్న ఒక్క మెట్టూ ఆయన కళ్ళముందే ఉంది. దాన్ని పది రెట్లు పెద్దది చేసే అద్దంతో చూశాడు కూడా. ఆవిడ ఇంకా పంతొమ్మిది రోజులు ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ ఆయన తల ఎత్తి మొహంకేసే చూస్తూ కూర్చున్నాడు. "నా మొహమేమన్నా ఈమధ్యే చేయించారా, అలా చూస్తారు?" అని ఆవిడ ఒకసారి విసుక్కుంది కూడా.

ఆవిడ పోయాక దుకాణంలో ఆయనో వింత మనిషి అయ్యాడు. ఉంగరం బిగుతైందని వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని వదిలేవాడు కాదు. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, డాక్టరుకి చూపించుకున్నారా అంటూ ఆరా. ఒకామె గయ్యిమంది. "ఉంగరం బాగుచేయమంటే నా జాతకం అడుగుతాడేంటండీ ఈయన?" యజమాని దగ్గడం కూడా మానేశాడు. ఆ నవ్వులూ విసుర్లూ తనకి రావలసినవేనని ఆయన తల వంచుకుని పడేవాడు.

రెండునెలలకి కూతురు వచ్చింది. వేరే ఊళ్ళో బడిలో పాఠాలు చెప్తుంది. బల్ల ఎదురుగా కూర్చుని, సంచిలోంచి తల్లి ఉంగరం తీసి పెట్టింది.

"నాన్నా, ఇది నేను పెట్టుకుంటా. నా సైజుకి చేసివ్వు. రాయి కూడా శుభ్రం చెయ్యి, మళ్ళీ నీలంగా వచ్చేట్టు."

"నువ్వు పుట్టింది మే నెల కదా. నీది పచ్చ."

"ఇదీ పచ్చగానే ఉందిగా" అంది పిల్ల. ఆ మాటల్లో అచ్చంగా తల్లే పలికింది.

లోపలికి దిగిన జిడ్డు పోదనీ, పైన వెంట్రుకవాసి అరగదీస్తే కొంత నీలం తేలవచ్చనీ చెప్పాడు. పచ్చదనం ఎలా వచ్చిందని పిల్ల అడగలేదు. ఆయన ఊరుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. కూతురి దృష్టిలో ఆయన, భార్య ఉంగరాన్ని మూడుసార్లు ప్రేమగా బాగుచేసిన మనిషిగానే మిగిలిపోయేవాడు. పిల్ల వస్తానని కబురు పెట్టిన వారం రోజులుగా ఆయన కోరుకున్నదీ అదే.

పెట్టె తెరిచి మూడు కవర్లూ తీసి వరసగా ముందు పెట్టాడు.

పిల్ల చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. "ఈ తేదీ... అమ్మ ఆసుపత్రికి వెళ్ళడానికి మూడేళ్ళ ముందుది కదూ?"

"అవును."

"అప్పటికే వేళ్ళు వాచాయా?"

"వాచాయి."

"నీకు తెలుసా?"

"ఎంత వాచాయో తెలుసు. ఎందుకని అడగలేదమ్మా. పైగా తిట్టాను. నలుగురిలో."

ముందుగదిలో ఎవరో గాజుల ధర అడుగుతున్నారు. పిల్ల కవర్ల మీదనుంచి కళ్ళెత్తలేదు. "అందర్నీ అడుగుతావు నాన్నా" అంది చివరికి. "చిన్నప్పుడు ఈ స్టూలు మీదే కూర్చుని వినేదాన్ని. అందర్నీ అడుగుతావు." లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. పిలవడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

తర్వాత వచ్చి కూర్చుంది. పరవాలేదని అనలేదు. కవర్లు మూడూ మడిచి తన సంచిలో పెట్టుకుని, ఉంగరం ఆయన వైపు జరిపింది. "రాయి అరగదీయకు. ఉన్నట్టే ఉంచు. సైజు ఒక్కటీ చూడు" అని చెయ్యి చాపింది.

కొలత రింగుల గుత్తి మేకుకి వేలాడుతోంది. ఆయన దాని జోలికి పోలేదు. అద్దం తీసి సొరుగులో పెట్టాడు. కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చిటికెనవేలి కణుపు మీద బొటనవేలితో మెల్లగా నొక్కి, మొహంకేసి చూశాడు.

"నొప్పుందా?"

"లేదు."

"పొద్దున్నే?"

"లేదు నాన్నా."

పక్కవేలికి వెళ్ళాడు.